క్యాంపస్ భయం చూపించి ఓట్లడిగే రాజకీయం: హైదరాబాద్ నుంచి కొన్ని ప్రశ్నలు

తార్నాక వాసి (చర్చ ప్రారంభం)

ఎన్నికల సభల్లో విశ్వవిద్యాలయం మాట రెండు సందర్భాల్లో వినిపిస్తుంది. కొత్తది మంజూరు చేయిస్తామని వాగ్దానం చేసేటప్పుడు ఒకసారి, ఉన్నవాటిలో మన పిల్లలు చెడిపోతున్నారని, దేశానికీ మతానికీ ఇంటి పరువుకూ ముప్పు అక్కడే పొంచి ఉందని హెచ్చరించేటప్పుడు ఇంకోసారి. మొదటిదానికి భూమి, బడ్జెట్, పోస్టులు కావాలి. రెండోదానికి మైకు ఒక్కటి ఉంటే చాలు. ఈ రెండో రకం ప్రచారం గురించి తీరిగ్గా మాట్లాడుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

నేను గమనించిన సంగతి ఇది. క్యాంపస్ ఆలోచనల మీద భయం రేపే నాయకులు సభలో ఎంత ధీమాగా మాట్లాడతారో, సంతకం పెట్టి ఇవ్వవలసిన కాగితం దగ్గరికి వచ్చేసరికి అంత జాగ్రత్త పడతారు. ఢిల్లీలోని జేఎన్‌యూ (జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం) విద్యార్థుల మీద 2016 నుంచి వాడుతూ వచ్చిన ‘తుక్డే తుక్డే గ్యాంగ్’ (దేశాన్ని ముక్కలు చేసే ముఠా) అన్న మాటనే తీసుకోండి. 2019 డిసెంబరు చివర్లో, ఢిల్లీ శాసనసభ ఎన్నికలు ముంచుకొస్తున్న వేళ, రాజధానిలో జరిగిన అల్లర్లకు కాంగ్రెస్ నడిపించే ఆ గ్యాంగే కారణమని, దానికి బుద్ధి చెప్పవలసిన సమయం వచ్చిందని కేంద్ర హోంమంత్రి అమిత్ షా సభలో అన్నారు. నెల తిరిగేలోపే, 2020 జనవరిలో, సమాచార హక్కు కింద వచ్చిన దరఖాస్తుకు ఆయన శాఖే జవాబిస్తూ అలాంటి గ్యాంగ్ గురించి తమ వద్ద ఏ సమాచారమూ లేదని రాసి ఇచ్చింది. ఆ తర్వాత రెండు వారాలకు, ఫిబ్రవరి 4న, కాలేజీకి వెళ్ళే ఆడపిల్లల తల్లిదండ్రులను బెదిరించడానికి వాడే ‘లవ్ జిహాద్’ గురించి లోక్‌సభలో ప్రశ్న వస్తే, చట్టంలో దానికి నిర్వచనం లేదని, కేంద్ర దర్యాప్తు సంస్థల దృష్టికి అలాంటి కేసేదీ రాలేదని హోంశాఖ సహాయమంత్రి లిఖితపూర్వకంగా చెప్పారు. ఆ సహాయమంత్రి మన సికింద్రాబాద్ ఎంపీ కిషన్ రెడ్డి గారే.

కాగితం మీద లేని ప్రమాదం సభలో ఎక్కడి నుంచి వస్తోంది? మన నగరంలో ఈ రాజకీయం ఎలా పనిచేస్తోందో అనుభవం ఉన్నవాళ్ళు రాయాలని కోరుతున్నాను.

నిజాంపేట నివాసి

తార్నాక వాసి గారూ, మీరు చూపిన రెండు జవాబులూ నిజమే కావచ్చు. అయితే భయం మొత్తాన్నీ నాయకుల ఖాతాలో వేయడం నాకు సబబుగా తోచలేదు. మాది కరీంనగర్ జిల్లా. డెబ్బైల చివర్లో, ఎనభైల్లో మా ప్రాంతం నుంచి ఉస్మానియాకో వరంగల్ ఇంజనీరింగ్ కాలేజీకో చదువు కోసం వెళ్ళి, రాడికల్ విద్యార్థి సంఘంలో చేరి, అటునుంచి అటే అడవి దారి పట్టినవాళ్ళున్నారు. కొందరి శవాలు ఊరికి వచ్చాయి, కొందరివి అవీ రాలేదు. కొడుకును యూనివర్సిటీకి పంపేటప్పుడు ‘చదువుకో, మీటింగులకు పోకు’ అని మా నాన్న తరం చెప్పిందంటే, అది ఏ పార్టీ ఉపన్యాసమూ విని చెప్పింది కాదు.

ఇప్పుడు నేనూ ఒక ఆడపిల్ల తండ్రినే. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో గొడ్డుమాంసం పండుగ జరిగినప్పుడు రాళ్ళు పడ్డాయి, గొడవలయ్యాయి. 2015 డిసెంబరులో మళ్ళీ పెట్టబోతే హైకోర్టు వద్దని చెప్పవలసి వచ్చింది. ఎవరి తిండి వారిది, నేను కాదనను. కానీ మా బోటి వాళ్ళు ఫీజులు కట్టి పంపేది డిగ్రీ కోసం. అక్కడ ప్రతి వారం ఏదో ఒక జెండా, ఏదో ఒక నినాదం ఉంటే తల్లిదండ్రులు జంకకుండా ఎలా ఉంటారు? ఆ జంకును నాయకుడు వాడుకుంటున్నాడు, సరే. జంకు మాత్రం ముందే ఉంది.

మలక్‌పేట మాస్టారు

నిజాంపేట నివాసి గారు చెప్పిన దుఃఖాన్ని తేలిగ్గా తీసెయ్యడానికి వీల్లేదు. నేను చరిత్ర పాఠం చెప్పి రిటైరైనవాణ్ణి. మీ జిల్లా కుర్రాళ్ళు కొందరు నా తరగతిలో కూర్చున్నవాళ్ళే. అందుకే కాస్త వెనక్కి వెళ్ళి మాట్లాడతాను.

1918లో నిజాం నెలకొల్పిన ఉస్మానియా మీద మొదటి పెద్ద భయం ఏమిటో గుర్తు చేసుకోండి. 1938లో హాస్టళ్ళలో విద్యార్థులు వందేమాతరం పాడారు. వద్దన్నా వినలేదని అధికారులు వాళ్ళను బహిష్కరించారు. చాలామంది నాగపూర్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి చదువు పూర్తి చేసుకున్నారు. పి.వి. నరసింహారావు గారు వారిలో ఒకరు. ఆనాటి ప్రభుత్వం దృష్టిలో ఆ పాట బయటి నుంచి వచ్చి కుర్రాళ్ళ మనసు పాడుచేస్తున్న ఆలోచన. ఇవాళ ఏ క్యాంపస్‌లోనైనా ఆ పాట పాడనివాళ్ళ మీద అదే అనుమానం పెడుతున్నారు. పాట మారలేదు, అనుమానించే అధికారం చేతులు మారింది.

ఆ తర్వాత స్థానికులకే ఉద్యోగాలివ్వాలన్న 1952 ముల్కీ ఆందోళన, 1969 తెలంగాణ ఉద్యమం. 1972 ఏప్రిల్ 14న విద్యార్థి నాయకుడు జార్జి రెడ్డిని ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో పొడిచి చంపారు. 2009 నవంబరు, డిసెంబరు నెలల్లో ఇదే క్యాంపస్‌ను ‘ఉద్యమాల గడ్డ’ అని పొగుడుతూ పార్టీల నాయకులు ఆర్ట్స్ కాలేజీ ముందు వరసలు కట్టారు. మీరు జంకే జెండాలూ నినాదాలూ అప్పుడు ఇంకా ఎక్కువే ఉన్నాయి. ఎవరూ పిల్లలు చెడిపోతున్నారని అనలేదు, ఎందుకంటే ప్రత్యేక తెలంగాణ నినాదం అప్పటికి అందరికీ ఓట్లు తెచ్చే నినాదం.

ఇది మన దేశానికే పరిమితమైన విద్య కాదు. 1966లో కాలిఫోర్నియా గవర్నర్ పదవికి పోటీ చేసిన రొనాల్డ్ రీగన్ బర్క్‌లీ క్యాంపస్‌లోని గందరగోళాన్ని శుభ్రం చేస్తానన్న మాటను తన ప్రచారానికి ముఖ్యాంశం చేసుకున్నాడు. దాదాపు 10 లక్షల ఓట్ల ఆధిక్యంతో గెలిచాడు. 1967 జనవరిలో, ఆయన పదవిలోకి వచ్చిన నెలలోనే, విశ్వవిద్యాలయ అధ్యక్షుడు క్లార్క్ కెర్‌ను పాలకమండలి తొలగించింది. అదే నెలలో రీగన్ ప్రభుత్వం ప్రతిపాదించింది ఏమిటంటే, విశ్వవిద్యాలయ బడ్జెట్‌లో కోత, అంతవరకు ట్యూషన్ లేని చోట ట్యూషన్ ఫీజు. విద్యార్థుల నీతి గురించి మొదలైన ప్రచారం చివరికి తల్లిదండ్రుల జేబు దగ్గర తేలింది. నిజాంపేట వారు ఫీజుల మాట ఎత్తారు కాబట్టి ఈ సంగతి చెప్పాలనిపించింది.

అద్దె ఇల్లు

మాస్టారూ, కుర్రాళ్ళకు గది అద్దెకివ్వడానికి ఓనరు ‘యూనివర్సిటీ వాళ్ళా? వద్దు బాబూ’ అంటున్నాడు. సాఫ్ట్‌వేర్ కోచింగ్ అని చెప్తే తాళం చెవి చేతిలో పెడుతున్నాడు. ఆయన ఏ సభకూ వెళ్ళడు, ఫోన్ చూస్తాడంతే.

కొండాపూర్ కొత్త కాపు

నేను 2021లో అమెరికాలోని వర్జీనియాలో, లౌడన్ కౌంటీలో ఉన్నాను. ఆ కౌంటీలో మనవాళ్ళు ఎంతమంది ఉంటారో ఇక్కడి పాఠకులకు చెప్పనక్కర్లేదు. ఈ రాజకీయం ఒక నిజమైన ఫిర్యాదును ఎలా పట్టుకుని, ఎక్కడికి లాక్కుపోతుందో అక్కడ కళ్ళారా చూశాను.

పక్కనే ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో థామస్ జెఫర్సన్ హైస్కూల్ ఉంది. మన పిల్లలు దాని ప్రవేశ పరీక్ష కోసం ఏళ్ళ తరబడి కష్టపడతారు. 2020 చివర్లో ఆ పరీక్షను ఎత్తేశారు. కొత్త పద్ధతి వచ్చాక చేరినవారిలో ఆసియా సంతతి పిల్లల వాటా 73 శాతం నుంచి 54 శాతానికి పడిపోయింది. మన తల్లిదండ్రులకు కోపం రావడంలో వింత లేదు. నిజాంపేట గారు చెప్పినట్టు, అది ఏ నాయకుడూ పుట్టించిన కోపం కాదు.

అప్పుడే గవర్నర్ ఎన్నికలు వచ్చాయి. రిపబ్లికన్ అభ్యర్థి గ్లెన్ యంగ్‌కిన్ ప్రతి సభలో ‘క్రిటికల్ రేస్ థియరీ’ని మొదటి రోజే నిషేధిస్తానని చెప్పేవారు. ఇది 1970ల్లో హార్వర్డ్ న్యాయ అధ్యాపకుడు డెరిక్ బెల్ వంటివారు మొదలుపెట్టిన ఆలోచన. చట్టం కాగితం మీద అందరినీ సమానంగా చూసినా ఆచరణలో జాతి వివక్ష ఎలా కొనసాగుతుందని అది అడుగుతుంది. లా కాలేజీల్లో, పై చదువుల్లో బోధిస్తారు. వర్జీనియా రాష్ట్ర పాఠశాలల పాఠ్యప్రణాళికలో అది లేదు. 2020 సెప్టెంబరులో క్రిస్టఫర్ రూఫో అనే కార్యకర్త ఫాక్స్ న్యూస్‌లో దాని గురించి మాట్లాడటం, అదే నెలలో ట్రంప్ దాని మీద ఉత్తర్వు జారీ చేయడం, అక్కడి నుంచి ఈ మాట ఇంటింటికీ పాకడం జరిగాయి. పత్రికలో ఏ వింత సంగతి చదివినా జనానికి వెంటనే ఈ పేరే గుర్తుకు రావాలన్నది తమ లక్ష్యమని 2021 మార్చిలో రూఫోనే బాహాటంగా రాసుకున్నాడు.

మా ఇళ్ళలో పరీక్ష రద్దు గురించి మొదలైన మాటలు వేసవి ముగిసేసరికి ఈ థియరీ మీదికి మళ్ళాయి. మా పిల్లల పాఠ్యపుస్తకంలో అది ఏ పేజీలో ఉందని ఒకావిడ అడిగితే, చూపించగలిగినవాళ్ళు ఆ హాల్లో ఎవరూ లేరు. అయినా ఆవిడనే అందరూ అదోలా చూశారు. యంగ్‌కిన్ రెండు శాతం తేడాతో గెలిచారు. 2022 జనవరి 15న, పదవి చేపట్టిన రోజే, మాట ప్రకారం నిషేధపు ఉత్తర్వు మీద సంతకం చేశారు. మావాళ్ళు అడిగిన ప్రవేశ పరీక్ష మాత్రం తిరిగి రాలేదు. తల్లిదండ్రులు వేసిన కేసును వినడానికి 2024 ఫిబ్రవరిలో అక్కడి సుప్రీంకోర్టు నిరాకరించింది.

కథ అక్కడితో ఆగలేదు. 2025లో అదే భయం విదేశీ విద్యార్థుల మీదికి తిరిగింది. మే 22న హార్వర్డ్ విదేశీ విద్యార్థులను చేర్చుకునే అనుమతిని ట్రంప్ ప్రభుత్వం రద్దు చేయబోయింది, కోర్టు అడ్డుకుంది. ఆ నెలాఖరులోనే విద్యార్థి వీసాల కొత్త ఇంటర్వ్యూలు ఆపేశారు. జూన్‌లో మళ్ళీ మొదలుపెడుతూ, సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనిపించేలా తెరిచి పెట్టాలన్నారు. 2023–24లో అక్కడ చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది, ఏ ఇతర దేశం కంటే ఎక్కువ. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో స్లాటు కోసం ఎదురుచూస్తూ, పాత పోస్టులు తుడిచేసుకుంటూ కూర్చున్న పిల్లల తల్లిదండ్రుల్లో, 2021లో క్యాంపస్‌లను ప్రక్షాళన చేయాలన్న వీడియోలు నాకు పంపినవాళ్ళు ఉన్నారు.

నిజాంపేట నివాసి

కొండాపూర్ గారూ, మీరు మా పక్షాన మొదలుపెట్టి తార్నాక వారి పక్షాన తేల్చారు. బాగానే ఉంది. మా అల్లుడు వాళ్ళది కూడా ఆ కౌంటీయే, పరీక్ష సంగతి వాళ్ళ నోట విన్నాను. కానీ మీ ఉదాహరణలోనే ఇంకో మాట ఉంది. ఆ ఎన్నికల చర్చలో డెమొక్రాట్ అభ్యర్థి మెకాలిఫ్, పాఠశాలలు ఏం బోధించాలో తల్లిదండ్రులు చెప్పడం సరికాదన్నారు కదా? చదువుకున్నవాళ్ళు ‘మీకు తెలియదు, ఊరుకోండి’ అన్న ధోరణిలో మాట్లాడితే, మా భయాన్ని విన్నట్టు నటించేవాడి దగ్గరికే మేము వెళ్తాం. ఇక్కడా అంతే. యూనివర్సిటీ ప్రొఫెసర్లు టీవీ చర్చల్లో మమ్మల్ని మాట్లాడనివ్వరు.

పాత ప్రచార విభాగం

చదువు ముగిశాక కొంతకాలం ఒక పార్టీకి సోషల్ మీడియా పని చేసే చోట ఉద్యోగం చేశాను. పార్టీ పేరు చెప్పను. ఆ గదిలో పని చేసినవాళ్ళు తర్వాత ఎదుటి పార్టీకి కూడా అదే పని చేశారు కాబట్టి పేరు చెప్పినా ప్రయోజనం లేదు. మాస్టారికి జవాబుగా అద్దె ఇల్లు గారు రాసిన ఫోన్ మాట వెనుక ఏం జరుగుతుందో చెబుతాను.

రెండు గంటల సెమినార్ రికార్డింగ్ మా దగ్గరికి వస్తుంది. దాన్నుంచి అర నిమిషం ముక్క తీయాలి. వక్త ఎవరి వాదననో ఖండించడానికి ముందు ఆ వాదనను వివరిస్తాడు కదా, మాకు కావలసింది ఆ వివరించే భాగం. ‘అని వాళ్ళంటారు, కానీ’ అన్నచోట కత్తిరించేస్తాం. కింద పసుపు రంగు మీద ఎర్ర అక్షరాలతో తెలుగులో ఒక ప్రశ్న పెడతాం. ప్రశ్నే పెట్టాలి, వాక్యం పెట్టకూడదు, ఎందుకంటే ప్రశ్న మీద కేసు నిలబడదని మాకు చెప్పేవారు. ‘మీ అమ్మాయి ఇక్కడే చదువుతోందా?’ అన్నది బాగా పనిచేసిన ప్రశ్న. విశ్వవిద్యాలయం పేరు, వక్త పేరు, తేదీ తీసేస్తాం. తేదీ లేకపోతే అదే ముక్క మళ్ళీ ఎన్నికలకు కూడా పనికొస్తుంది.

మొదట పంపేది బస్తీలకు కాదు, అపార్టుమెంటు గ్రూపులకు, కాలనీ సంఘాలకు, పొద్దున్నే పార్కుల్లో నడిచేవాళ్ళ గ్రూపులకు. వాళ్ళలో చాలామంది ఓటు వేయడానికి రారని మాకు తెలుసు. కానీ వాళ్ళు ఫార్వర్డ్ చేస్తే, పెద్దమనుషులు పంపారన్న మర్యాద ఆ వీడియోకు అంటుతుంది. ఆ మర్యాదతో అది పనిమనిషి, డ్రైవర్, వాచ్‌మన్ ఫోన్లలోకి చేరుతుంది. నేనున్నంత కాలంలో ఆ సెమినార్ దేని గురించి అని మా గదిలో ఎవరూ అడగలేదు. అడిగితే పని ఆలస్యమవుతుంది.

గోపన్‌పల్లి

నేను హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేశాను. ఆ ‘అర నిమిషం ముక్క’ కాగితం మీదికి ఎక్కితే ఏమవుతుందో మా క్యాంపస్‌కు తెలుసు. 2015 ఆగస్టులో, రెండు విద్యార్థి సంఘాల మధ్య గొడవ తర్వాత, అప్పటి కేంద్ర కార్మికశాఖ మంత్రి బండారు దత్తాత్రేయ గారు విద్యాశాఖ మంత్రి స్మృతి ఇరానీ గారికి లేఖ రాశారు. మా విశ్వవిద్యాలయం కులవాద, తీవ్రవాద, జాతి వ్యతిరేక రాజకీయాలకు అడ్డాగా మారిందన్నది అందులోని మాట. ఆ తర్వాత దాని సంగతి ఏమైందని గుర్తుచేస్తూ ఢిల్లీ నుంచి విశ్వవిద్యాలయానికి లేఖల మీద లేఖలు వచ్చాయి. ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులను హాస్టల్ నుంచి పంపేశారు. వారిలో ఒకరైన రోహిత్ వేముల 2016 జనవరి 17న చనిపోయాడు. తార్నాక వాసి గారు సభకూ కాగితానికీ తేడా చూపారు. ఇక్కడ కాగితమే సభలా మాట్లాడింది, అదీ తేడా.

రోహిత్ చనిపోయిన రెండు రోజులకే కాంగ్రెస్ అగ్రనేత రాహుల్ గాంధీ మా క్యాంపస్‌కు వచ్చారు. తొమ్మిదేళ్ళ తర్వాత, 2025 మార్చి చివర్లో, మా క్యాంపస్‌ను ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి జేసీబీలు వచ్చినప్పుడు అధికారంలో ఉన్నది ఆ కాంగ్రెస్సే. అడ్డుకున్న విద్యార్థులను పోలీసులు వ్యాన్లలో ఎక్కించారు. ఆ భూమిలో పులులూ జింకలూ లేవని, గుంటనక్కలే అడ్డుపడుతున్నాయని ముఖ్యమంత్రి అన్నారు. ఆ రోజుల్లో విద్యార్థుల పక్షాన మాట్లాడిన పార్టీల్లో 2016లో మమ్మల్ని జాతి వ్యతిరేకులన్న పార్టీ కూడా ఉంది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్లు నరకడం ఆపించింది. మేము మారలేదు, చదివే పుస్తకాలూ మారలేదు. ఎవరు అధికారంలో ఉన్నారన్నదాన్ని బట్టి మా పేరు మారుతూ వచ్చింది.

నిజాంపేట అంకుల్, మీరు అన్న ఒక మాటకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. మేము కరపత్రాలు ఇంగ్లీషులో రాసుకున్నాం, ఒకరికొకరం చదివి వినిపించుకున్నాం. గేటు బయట లింగంపల్లి బస్సు కోసం నిలబడిన మనిషికి అర్థమయ్యే నాలుగు తెలుగు వాక్యాలు రాయడం మాలో చాలామందికి చేతకాదు. ఎదుటి సంఘం వాళ్ళ వక్తను మాట్లాడనివ్వకుండా కేకలు వేయడం కూడా మా క్యాంపస్‌లో చూశాను, అన్ని రంగుల జెండాల వాళ్ళూ చేశారు. ఆ వీడియోల్లో కనిపించే కేకలు కొన్నిసార్లు నిజమైనవే.

గెస్ట్ లెక్చరర్

బయటి ప్రచారం లోపల ఎలా పనిచేస్తుందో ఎవరూ రాయలేదు. నేను ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయం పరిధిలో గంటల లెక్కన పాఠాలు చెప్పి బతుకుతున్నవాణ్ణి. ఏటా కాంట్రాక్టు కొత్తగా రాయాలి. నాలాంటివాడిని నిషేధించనక్కర్లేదు, పిలవకపోతే సరిపోతుంది.

సెమినార్ హాలు కావాలంటే ఒక ఫారం నింపాలి. వక్తల పేర్లు, ఊళ్ళు, అంశం, హాజరయ్యేవారి సంఖ్య రాయాలి. ఆ ఫారం ఎవరెవరి చేతుల్లో తిరుగుతుందో మాకు తెలియదు కానీ, మరుసటి రోజు పోలీసు స్పెషల్ బ్రాంచ్ నుంచి ఒకాయన వచ్చి, మర్యాదగానే, ‘సార్, ఈ టాపిక్ ఏంటి?’ అని అడుగుతాడు. ఆయన ఉద్యోగం ఆయనది. ఆ మరుసటి సెమినార్‌కు మేమే పేరు మార్చుకుంటాం. ‘తెలంగాణ గ్రామాల్లో కులం’ అనే అంశం ‘గ్రామీణ సామాజిక నిర్మాణం: ఒక పరిశీలన’ అవుతుంది. రెండేళ్ళ తర్వాత ఆ మాత్రం కూడా పెట్టం, నైపుణ్యాభివృద్ధి మీద వర్క్‌షాప్ పెడతాం. 2025 మార్చిలో ఉస్మానియాలో ధర్నాలను, నినాదాలను కట్టడి చేస్తూ సర్క్యులర్ వచ్చినప్పుడు పత్రికలు రాశాయి. హాలు ఫారం గురించి ఏ పత్రికా రాయదు, రాయడానికి అందులో వార్త ఏమీ ఉండదు.

పిల్లలు నన్ను అడిగే ప్రశ్నలు కూడా తగ్గాయి. వెనుక బెంచీలో ఎవరో ఫోన్ పైకి పట్టుకుని ఉంటారని వాళ్ళకూ తెలుసు. పాఠంలో అంబేద్కర్ వచ్చినా గాంధీ వచ్చినా, ‘పరీక్షకు ఇంపార్టెంటా సార్?’ అని మాత్రం అడుగుతారు.

నిర్వాహకులు

పార్టీల పేరెత్తి తిట్టుకున్న రెండు వ్యాఖ్యలను తొలగించాం. దయచేసి అంశం మీదే ఉండండి. ఇంత చేసినా ఈ భయానికి నిజంగా ఓట్లు పడతాయా అన్న ప్రశ్న మొదటి నుంచీ అలాగే ఉండిపోయింది. దాని గురించి తెలిసినవాళ్ళు రాయగలరు.

బర్కత్‌పుర

లెక్కలు చూస్తే, అందరూ అనుకున్నంతగా పడవు. కర్ణాటకనే చూడండి. 2022 ఆరంభంలో ఉడుపి ప్రభుత్వ జూనియర్ కాలేజీలో హిజాబ్ వివాదం రాష్ట్రమంతా పాకింది. మార్చి 15న హైకోర్టు తరగతుల్లో హిజాబ్‌ను అనుమతించని ప్రభుత్వ ఉత్తర్వును సమర్థించింది, అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరోవైపు తీర్పు ఇచ్చారు. 2023 మే ఎన్నికల్లో కాంగ్రెస్‌కు 135, బీజేపీకి 66 సీట్లు వచ్చాయి. హిజాబ్ ఉత్తర్వును ముందుండి సమర్థించిన విద్యామంత్రి బి.సి. నాగేశ్ తిపటూరులో ఓడిపోయారు. వర్జీనియాలో కూడా 2023 నవంబరులో చట్టసభల రెండు సభల్లోనూ డెమొక్రాట్లకే ఆధిక్యం వచ్చింది. మన దగ్గర 2020 జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో బీజేపీ 48 డివిజన్లు గెలిచినప్పుడు ప్రచారంలో మోగింది పాతబస్తీ, నగరం పేరు మార్పు, వరదసాయం. క్యాంపస్‌లు అందులో ముఖ్యాంశం కాలేదు.

అయితే ఉడుపిలోనే ఇంకో ఫలితం ఉంది, దాన్ని జాగ్రత్తగా చూడాలి. ఆ కాలేజీ అభివృద్ధి కమిటీ ఉపాధ్యక్షుడిగా ఉండి వివాదంలో ముందు నిలబడిన యశ్‌పాల్ సువర్ణకు పార్టీ టికెట్ ఇచ్చింది, ఆయన గెలిచారు. ఆ సీటు 2018లోనూ ఆ పార్టీదే, గెలవడంలో విశేషం లేదు. టికెట్ రావడంలోనే ఉంది. క్యాంపస్ భయం పార్టీకి రాష్ట్రాన్ని గెలిపించకపోయినా, రేపినవాడికి పార్టీలో మెట్టు ఎక్కిస్తుంది. పైవాళ్ళ కంట్లో పడటానికి ఇంతకంటే చవకైన దారి ఒక వార్డు స్థాయి నాయకుడికి ఏముంది? డ్రైనేజీ బాగు చేయిస్తే కాలనీకి తెలుస్తుంది, యూనివర్సిటీ గేటు ముందు గొడవ చేస్తే ఢిల్లీకి తెలుస్తుంది. అందుకే ఎన్నికల్లో ఓడినా ఈ రాజకీయం ఆగదు.

తార్నాక వాసి

బర్కత్‌పుర గారి మాట నా వాదనను సరిచేసింది. ఓటరు కోసం రేపుతున్నారనుకున్నాను, టికెట్ ఇచ్చేవాడి కోసం కూడా రేపుతున్నారన్నమాట. ఆ పాత ప్రచార విభాగం మిత్రుడు చెప్పిన అపార్టుమెంటు గ్రూపుల సంగతి కూడా ఇప్పుడు అర్థమవుతోంది. ఓటు వేయని పెద్దమనుషుల దగ్గర మొదలుపెట్టడం ఎందుకంటే, చందాలు ఇచ్చేదీ, ఫలానావాడు గట్టివాడని పైకి చెప్పేదీ వాళ్ళే.

ఈ హడావుడిలో అడగకుండా మిగిలిపోతున్న ప్రశ్నలు చూడండి. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో మంజూరైన అధ్యాపక పోస్టుల్లో సగానికి పైగా ఏళ్ళ తరబడి ఖాళీగా ఉన్నాయి. 2025 జనవరిలో ప్రభుత్వం రిటైర్మెంట్ వయసును 60 నుంచి 65కు పెంచింది, అంటే ఉన్నవాళ్ళను వెళ్ళనివ్వకుండా ఆపింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం ప్రైవేటు కాలేజీలే బంద్ చేశాయి. పాఠం చెప్పేవాడే లేని తరగతిలో పిల్లలకు ప్రమాదకరమైన ఆలోచనలు ఎవరు నేర్పుతున్నారని ఏ సభలోనైనా ఎవరైనా అడిగారా?

నిజాంపేట నివాసి

అడగాల్సిందే. నేను నా భయాన్ని వదులుకోలేదు, మా ఊరి శవాలను మరచిపోలేను. గోపన్‌పల్లి అమ్మాయి తమ వైపు లోపం కూడా చెప్పింది కాబట్టి ఆ మాట మీద గౌరవం కలిగింది. కానీ గెస్ట్ లెక్చరర్ గారు రాసింది చదివాక ఒక సంగతి తట్టింది. మా అమ్మాయి డిగ్రీ చదివేది కూడా అలాంటి కాలేజీలోనే. నిన్న రాత్రి అడిగాను, పొలిటికల్ సైన్స్‌కు ఈ సెమిస్టర్‌లో ఎవరు చెబుతున్నారని. ‘సార్ మానేశారు నాన్నా, యూట్యూబ్‌లో చూసుకోమన్నారు’ అంది. క్యాంపస్‌లో ఏం నేర్పుతున్నారోనని నేను ఇన్నాళ్ళూ బెంగపడ్డాను. నేర్పేవాళ్ళు ఉన్నారా అని అడగలేదు.

ఈ ఆదివారం మా అపార్టుమెంటు సంఘం సమావేశానికి ఒక పార్టీ స్థానిక నాయకుడు వస్తున్నాడు. మొన్నటి వీడియో మా గ్రూపులో పెట్టింది ఆయన మనుషులే. ఆ కాలేజీలో ఎన్ని పోస్టులు, ఎంతమంది ఉన్నారు అని అడుగుదామనుకుంటున్నాను. ఆయన చేతిలో లెక్క ఉండదని తెలుసు. నా చేతిలో ఉండాలి కదా, అది ఎలా తెప్పించుకోవాలో చెప్పండి.

మలక్‌పేట మాస్టారు

ఆదివారానికి అందదు నాయనా, ఆ రోజు నోటితో అడిగి, నాయకుడు ఏమన్నాడో రాసి పెట్టుకోండి. సమాచార హక్కు చట్టం కింద కాలేజీ పౌర సమాచార అధికారి పేరిట తెల్లకాగితం మీద దరఖాస్తు రాసి, 10 రూపాయల పోస్టల్ ఆర్డర్ జత చేయండి. ‘ఎందుకు’ అని అడగవద్దు, జవాబు రాదు. మంజూరైన పోస్టులెన్ని, సబ్జెక్టు వారీగా రెగ్యులర్ వారెందరు, గంటల లెక్కన చెప్పేవారెందరు, ఈ సెమిస్టర్ టైంటేబుల్ నకలు, ఇంతే రాయండి. 30 రోజుల్లో ఇవ్వాలి. రాకపోతే అప్పీలు ఎలా రాయాలో ఇక్కడే చెబుతాను. దరఖాస్తు ముసాయిదా ముందుగా ఇక్కడ పెడితే, మన గెస్ట్ లెక్చరర్ గారు ఏ రిజిస్టర్ పేరు రాయాలో సరిచూస్తారు.